గాజు నుంచి తిరిగొచ్చిన వెలుగు

ఎల్‌బీనగర్‌లో మేం కిరాయికుండే ఇంటి మేడ మీద ఒక గది ఉంది. మధ్యాహ్నం పూట కర్టెన్లు మూసేస్తే అందులో పగలు సగం నిద్రలో ఉన్నట్టుంటుంది. ఆ గదిలో పాత టేకు బల్ల మీద, ఇనప పలకకి బిగించిన చిన్న లేజరు ఒకటి ఎర్రగా వెలుగుతూ ఉండేది. లేజరంటే ఏదో కోసేదీ కాల్చేదీ అనుకునేరు. నా దాంట్లో వెలుగు పుట్టే ముక్క ఆవగింజలో సగం కూడా ఉండదు. దాని వెలుగు ఎదురుగా ఉన్న గాజు పలక మీద ఎర్రటి చుక్కయి పడేది. ఆ చుక్కని చూస్తూ నేను ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో నాకే తెలియదు. అడిగినవాళ్లకి పరిశోధన చేస్తున్నానని చెప్పేదాన్ని. అందులో సగం సేపు ఉత్తినే కలలు కంటూ కూర్చునేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేం లేదు.

పొద్దున పూట నా బతుకు వేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. కింద టిఫిన్ సెంటర్ పెనం చప్పుడు, పక్కన ఇంకో కోచింగ్ సెంటర్ మైకు, రోడ్డు మీద బస్సుల హారన్లు. వీటన్నిటి మీదుగా అరిచి అరిచి మధ్యాహ్నానికి గొంతు బొంగురు పోయేది. మెట్రో ఎక్కి ఎల్‌బీనగర్‌లో దిగి, మెట్లెక్కి, ఆ గది తలుపు తీసేసరికి నాలో ఉన్న చిరాకంతా చెప్పులతో పాటు బయటే ఉండిపోయేది. నా కోపం ఎలాంటిదో మా ఆయన్ని అడిగితే చెప్తారు. ఉప్పు ఎక్కువైతే ఒక కోపం, తక్కువైతే ఒక కోపం. కానీ ఆ లేజరు ముందు మాత్రం నేను మెత్తబడిపోయేదాన్ని. అది చాలా సుకుమారమైన వస్తువు, కసిరితే లాభం లేదు.

యూనివర్సిటీలో మా ల్యాబ్ పైకప్పు కారుతోందని రిపేర్లు మొదలుపెట్టారు. ఎప్పటికి పూర్తవుతాయో దేవుడికి కూడా తెలీదన్నట్టుంది పరిస్థితి. అప్పుడు మా గైడు సారే, చిన్న సామానే కదా, ఇంటికి తీసుకుపోయి చేసుకో అమ్మాయ్ అన్నారు. నలభై దాటాక పీహెచ్‌డీ ఏమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు, ఇంట్లో లేజరు చూశాక రెండో వేలు కూడా వేసుకున్నారు. మా ఆయన మాత్రం బ్యాంకు నుంచి రాగానే, "లేజరుగారు భోంచేశారా?" అని అడిగేవారు. వెటకారమే. కానీ గదికి ఏసీ కావాలంటే మారుమాట్లాడకుండా పెట్టించిందీ ఆయనే.

నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. లేజరు లోపల రెండు కొసల్లో అద్దాల్లాంటివి ఉంటాయి. వెలుగు వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ బలం పుంజుకుని, కొంచెం బయటికి వస్తుంది. వచ్చింది వచ్చినట్టు పోతే ఏ గొడవా లేదు. కానీ దార్లో ఏ గాజో, లెన్సో తగిలితే అందులో ఓ పిసరు వెనక్కి మళ్లి మళ్లీ లేజరులోకే దూరుతుంది. ఫోన్లో మాట్లాడుతుంటే ఒక్కోసారి మన గొంతే కాస్త ఆలస్యంగా మనకి తిరిగి వినబడుతుంది చూడండి. అప్పుడు నాలుక తడబడుతుంది, ఏం చెప్తున్నామో మర్చిపోతాం. లేజరుకి కూడా అంతే. తను కాసేపటి కింద పంపిన వెలుగు తనకే తిరిగొస్తే, ఇప్పటి దానికీ అప్పటి దానికీ తేడా తెలియక తికమకపడుతుంది. కొంచెమే తిరిగొస్తే ఒకసారి ప్రకాశం పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. మరీ ఎక్కువ తిరిగొస్తే ఇక ఆ వెలుగుకి ఒక తీరూ తెన్నూ ఉండదు. ఎంత తిరిగొస్తే ఎంత చెడుతుంది, ఎంతవరకు ఓర్చుకుంటుంది అన్నదే నా థీసిస్.

అందుకే ఈ విద్యలో నేర్చుకునే మొదటి పాఠం, ఏ గాజునీ వెలుగుకి సూటిగా నిలబెట్టకూడదని. కాస్త వంకరగా పెట్టాలి. అప్పుడు తిరిగొచ్చే వెలుగు లేజరు మీద పడకుండా పక్కకి పోతుంది. నా బల్ల మీద కూడా గాజు పలకని మొదట సూటిగా, కింది పట్టీకి ఆనేలా పెట్టి దారి సరిచూసుకుని, తర్వాత పిసరంత పక్కకి తిప్పేదాన్ని. చూసేవాళ్లకి అది ఎవరో నిర్లక్ష్యంగా పెట్టినట్టే ఉంటుంది. ఆ వంకర కుదరడానికి నాకు వారాలు పట్టింది.

కుదిరిన రోజు నాకు బాగా గుర్తు. బయట వాన పడి వెలిసింది. గాజు వెనకున్న చిన్న పెట్టె, దాని మీద పడ్డ వెలుగెంతో కొలిచి లాప్‌టాప్ మీద గీత గీస్తుంది. ఆ గీత ఎప్పుడూ చీమలు పాకినట్టు కదిలేది, ఆ రోజు మాత్రం చెరువు మీద గాలి ఆగిపోయినట్టు నిలిచింది. గంటసేపు అలాగే ఉంది. అప్పటిదాకా నేను ఏ పనీ అంత బాగా చేయలేదనిపించింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఏడవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా సారు ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. నాకిచ్చిన గడువు పొడిగింపులు అప్పటికే అయిపోయాయి. ఈలోగా ఆయన వచ్చి ఆ నిలకడ గీతని కళ్లారా చూసి సంతకం పెడితే థీసిస్ ముందుకు పోతుంది. లేదంటే నా ఫైలు ఇంకొకరి దగ్గరికి పోవాలి. ఆ ఇంకొకరు, ఇంటి దగ్గర చేసిన పనిని నేను ఒప్పుకోనని నా మొహం మీదే చెప్పారు. అంటే ఇన్నేళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరే. సారుకి ఫోన్ చేసి గీత నిలిచిందని చెప్తే, "దసరా వెళ్లాక వచ్చే ఆదివారం వస్తానమ్మాయ్, అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు" అన్నారు.

నేను ముట్టుకోలేదు. ముట్టుకున్నది ఇంటి ఓనరమ్మ.

ఆవిడ ఇక్కడి పాత ఊరి మనిషి. ఈ కాలనీ, ఆ వెనక కాలనీ, మెట్రో ఆఖరి స్టేషన్ ఉన్న చోటూ ఒకప్పుడు చేలే. అందులో వాళ్లవీ ఉన్నాయి. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెంచర్లు వేస్తూ ఇంటికి నిద్రకే వస్తాడు. నేను ఆవిడని పెద్దమ్మా అంటాను, ఆవిడ నన్ను బిడ్డా అంటుంది. మధ్యాహ్నాలు నేను పైన ఉన్నానని తెలిస్తే ఏదో ఒకటి పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. గడప దగ్గరే కూర్చుని ఎర్రటి చుక్కని చూసేది. "ఎప్పుడు సూసినా గట్లనే ఉంటది, కదల్దు మెదల్దు. దీన్ని సూసుకుంట ఏం సదువుతవ్ బిడ్డా?" అని అడిగింది ఒకసారి. కదలకుండా ఉండటమే దాని గొప్పతనం పెద్దమ్మా అన్నాను. ఆవిడ తలూపింది. తర్వాత మేమిద్దరం ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాం. అలాంటి మధ్యాహ్నాలు ఎన్నో.

దసరా ముందు రోజు ఆవిడ పైకొచ్చి తటపటాయిస్తూ నిలబడింది.

"బిడ్డా, రేపు ఆయుధ పూజ. నీ మిషినికి నేను పూజ చేస్త, ఏమనుకోకు."

"నా మిషన్‌కా? ఎందుకు పెద్దమ్మా?"

"మా ఇంట్ల ఆయుధాలు ఏడున్నయి చెప్పు. నాగలి పాయె, గడ్డపార పాయె, ట్రాక్టరు అమ్మేసిరి. కారుకు కొడుకు ఆఫీసు కాడనే చేపిచ్చుకుంటడు. నా చేతిల ఏమున్నది? మిక్సీకి బొట్టు వెట్టాల్నా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్లయి ఆ ఇంటికొచ్చిన నాటి నుంచి ప్రతి దసరాకీ పనిముట్లన్నీ కడిగి, తుడిచి, వరసగా పెట్టి పూజ చేసిన మనిషి. ఇప్పుడు పూజ చేద్దామంటే ఇంట్లో పనిముట్టన్నది ఒకటి కూడా లేదు. మేమా రోజు వనస్థలిపురంలో ఆడపడుచు ఇంటికి పోవాలి. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, గాజుల మీద, లెన్సు మీద మాత్రం బొట్టు పెట్టకండి, అగరొత్తి పొగ దగ్గరికి రానీకండి అని పదిసార్లు చెప్పాను. ఆవిడ కూడా పదిసార్లు తలూపింది. చెప్పాల్సిన పదకొండో మాట నా బుర్రకి తట్టలేదు.

పండగ మర్నాడు తలుపు తీస్తే గది కొత్త పెళ్లికూతురిలా ఉంది. బల్ల కాళ్లకి పసుపు, లాప్‌టాప్ మూత మీద కుంకుమ బొట్టు, ఇనప పలక చుట్టూ బంతిపూల దండ. గాజు మీద ఒక్క మరక లేదు. ఎంత శ్రద్ధగా చేసిందో అనుకుని మురిసిపోయాను. పూలదండ తీసి, లేజరు ఆన్ చేసి, కాఫీ తెచ్చుకుని కూర్చున్నాను.

గీత పిచ్చెక్కినట్టు ఎగురుతోంది.

ఆఫ్ చేసి ఆన్ చేశాను. అదే తీరు. కాసేపు ఊరుకుంటుంది, ఉన్నట్టుండి లేస్తుంది, మళ్లీ పడుతుంది. పరాకుగా అడుగులేస్తే చాలు, గీత ఉలిక్కిపడుతుంది. కుంకుమ రేణువు ఎక్కడైనా పడిందేమోనని లెన్సూ గాజూ గాలితో ఊది శుభ్రం చేశాను. ప్రయోజనం లేదు. కరెంటు మీద అనుమానపడి ఇన్వర్టర్ పక్కన పెట్టి బ్యాటరీ మీద నడిపాను. కింద ఇంట్లో మిక్సీ, పక్కింట్లో మోటారు, రోడ్డు మీద లారీలు, ప్రతిదాని మీదా నేరం మోపాను. చివరికి మెట్రో రైలు వచ్చినప్పుడల్లా గీత కదులుతోందని కనిపెట్టి, మెట్రోని నోరారా తిట్టాను. "మెట్రో వాళ్లకి ఫోన్ చేసి చెప్పనా, మా ఆవిడ లేజరుకి నిద్ర చెడుతోంది, రైళ్లు నెమ్మదిగా నడపండని?" అన్నారు మా ఆయన. ఆయన్నీ తిట్టాను. అది ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టే, ఆయన తప్పేమీ లేదు. ఆయన కంచం కడుక్కుని, చప్పుడు చేయకుండా వెళ్లి పడుకున్నారు.

నా భయం వేరే. ఈ బుల్లి లేజర్లు ఒక్కోసారి ఏ కారణమూ చెప్పకుండా చచ్చిపోతాయి. చచ్చే ముందు ఇలాగే పలవరిస్తాయి. కొత్తది తెప్పించి, బిగించి, అలవాటు చేసి, మళ్లీ గీత నిలబెట్టడానికి నెలలు కావాలి. నా దగ్గర నెలలు లేవు, ఆదివారం దాకానే గడువుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు చెప్తూ చెప్తూ బోర్డు మీద సగం గీసిన బొమ్మ దగ్గర ఆగిపోయాను. మేడమ్, ఏమైంది అని పిల్లలడిగారు. ఏం లేదని చెప్పి మిగతా సగం గీశాను. మెట్రోలో కిటికీకి తల ఆనించుకుంటే, మూసారాంబాగ్ వైపు వెళ్లే రైలు ఎదురుపడి దాని అద్దాల్లో నా మొహం ముక్కలు ముక్కలుగా వెనక్కి పరిగెత్తింది. ఇక వదిలేద్దామా అని మొదటిసారి అనుకుంది అప్పుడే. వదిలేస్తే ఎవరికీ ఏమీ కాదు. పాఠాలు చెప్పుకుంటూ హాయిగా బతకొచ్చు. ఆ మాట అనుకున్నాక నాకు చచ్చేంత దిగులేసింది.

శనివారం మధ్యాహ్నం కర్టెన్లు వేసి, ఏమీ చేయకుండా, గీతని చూస్తూ కూర్చున్నాను. అలసట వల్లేమో కళ్లు మూతలు పడ్డాయి. నిద్ర కాదు, మెలకువా కాదు. ఎర్రటి చుక్క రెప్పల వెనక కూడా వెలుగుతోంది. ఎక్కడో పావురాలు మూలుగుతున్నాయి. అప్పుడు వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"పొద్దుగాల సంది ఏం తినలేదంట గదా. గారెలు తెచ్చిన, లే."

కళ్లు తెరిచాను. గీత వణికింది. మాట ఆగింది, గీత ఆగింది.

"ఏంది బిడ్డా, గట్ల సూస్తున్నవ్?"

ఈ మాటకీ గీత వణికింది. మాట ఎంతసేపో వణుకూ అంతసేపే. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. "పెద్దమ్మా, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "జరమొచ్చిందా?" అని నా నుదురు ముట్టుకుంది. అప్పుడూ గీత ఆ మాటతో పాటే లేచి, ఆ మాటతో పాటే పడింది. లేజరు చచ్చిపోవడం లేదు. అది వింటోంది.

అప్పుడు చూశాను గాజు వైపు. ఇన్ని రోజులు దాన్ని తుడిచాను, ఊదాను, మరకల కోసం వెతికాను గానీ, అది ఎటు తిరిగి ఉందో చూడలేదు. చక్కగా, బుద్ధిగా, పట్టీకి అంచు ఆనించుకుని, లేజరుకి సూటిగా నిలబడి ఉంది. ఎర్రటి వెలుగు దాన్ని తాకి, అందులో పిసరు తిన్నగా వెనక్కి వచ్చి లేజరులోకి పోతోంది. మనిషి మాట్లాడితే ఆ పల్చటి గాజు కంటికి కనబడనంతగా కదులుతుంది. అది కదిలినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు ఓ రవ్వ ముందో వెనకో చేరుతుంది, లేజరు దానికి తగ్గట్టు పెరుగుతుంది, తగ్గుతుంది. మెట్రో వెళ్తే నేల కదిలి గాజూ కదులుతుంది. అన్నీ సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టే జరుగుతున్నాయి, పుస్తకం చదివిన నాకే తెలియలేదు.

"పెద్దమ్మా, పూజ రోజు ఈ గాజుని కదిపారా?"

"కదపలే. జర వంకర ఉండె. పూజల ఆయుధం వంకరగ ఉండొద్దు బిడ్డా, నాగలైనా కొడవలైనా సక్కగ వెట్టాలె. అందుకే గా పట్టీకి ఆనిచ్చి సక్కగ చేసిన."

కోపం రావాల్సింది. నా కోపం సంగతి చెప్పానుగా. అది గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ గారెల గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తను చేసింది మంచో చెడో నా మొహంలో వెతుక్కుంటోంది. ఎవరైనా నా బల్లకి అంత గౌరవం ఇచ్చారా అని ఆలోచిస్తే ఒక్కరూ గుర్తుకురాలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఖరాబైందా? నీ సదువు ఖరాబు చేసిన్నా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా, ఏం కాలేదు" అని గాజుని వేలితో పిసరంత తిప్పాను. గీత నిలిచిపోయింది. ఆవిడని మాట్లాడమన్నాను. మాట్లాడింది, గీత కదల్లేదు. గిన్నె అందుకుని గారెలన్నీ నేనే తినేశాను. ఆవిడ తిన్నదో లేదో అడిగిన గుర్తు లేదు.

ఆదివారం సారు వచ్చారు. మోకాళ్ల నొప్పులతో మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగారు. గదిలోకొచ్చి, కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని గీతని చూశారు. సంతకానికి కాగితాలు నా ఒళ్లో ఉన్నాయి. వాటి అంచులు నా చేతి చెమటకి మెత్తబడ్డాయి.

"బాగుందమ్మాయ్. కానీ ఇది లేజరు నిలకడా, లేకపోతే నీ కొలిచే పెట్టెకి చెవుడా? కదలని గీత ఎవడైనా చూపిస్తాడు. కదలాల్సినప్పుడు కదిలి, కదలకూడనప్పుడు కదలకపోతేనే కదా నమ్మేది."

ఆయన చెప్పింది నిజం. ముందు రోజు ఆ గాజు సూటిగా నిలబడి ఉండకపోతే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది కాదు. గాజుని పట్టీకి ఆనించాను. గీత లేచి ఆడటం మొదలుపెట్టింది. సారు ముందుకు వంగారు.

"ఇప్పుడు ఎవరైనా కాస్త సాగదీసి పలకాలి. నువ్వు వద్దు, నువ్వు గీత చూడు."

పెద్దమ్మ టీ కప్పులు తెచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. సారు ఆవిడని చూసి, "అమ్మా, మీరు కొంచెం గట్టిగా ఏదైనా అనండి" అన్నారు.

"నేనా? ఏమనాలె సారూ?"

"ఏదైనా. దూరంగా ఉన్నవాళ్లని పిలిచినట్టు పిలవండి."

ఆవిడ కప్పులు కింద పెట్టింది. కొంగు సర్దుకుంది. గాజు వైపు తిరగమని చెప్పబోయాను, కానీ ఆవిడ కిటికీ దగ్గరికి పోయి కర్టెన్ పక్కకి జరిపింది. బయట ఎండ, ఇళ్ల కప్పుల మీద నీళ్ల ట్యాంకులు, వాటి వెనక మెట్రో స్టేషన్. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని, మెడ కాస్త ఎత్తి, పిలిచింది.

"ఓ... ఓ..."

అలాంటి పిలుపు నేను ఎప్పుడూ వినలేదు. అరుపు కాదు, పాటా కాదు. మెల్లగా మొదలై పైకి లేచి, చివర కొంచెం ఒంగి, అవతలి నుంచి ఎవరో అందుకుంటారన్నట్టు ఆగింది. గీత దాంతో పాటే లేచింది, దాంతో పాటే ఒంగింది. పిలుపు ఆగాక గీత కూడా ఆగింది.

"ఎవర్ని పిలిచారమ్మా?" అన్నారు సారు.

"మా ఇంటాయనను. పేరు వెట్టి పిలువొద్దు గదా సారూ. అన్నం తీస్కపోయి గెట్టు మీద నిలవడి గిట్లనే పిలుస్తుంటి. గా టేషన్ కాడనే మా జొన్న చేను. ఆడికెల్లి ఆయన సుత ఓ అంటుండె." కాసేపాగి అంది, "ఎన్నేండ్లకో పిలిచిన. గొంతు ఉన్నదో పోయిందో అనుకున్న."

సారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. నా వైపు చూసి, "ఇప్పుడు తిప్పు" అన్నారు మెల్లగా. గాజుని పక్కకి తిప్పాను. "ఇంకోసారి అమ్మా, అలాగే" అన్నారు. ఆవిడ మళ్లీ పిలిచింది. ఈసారి ఇంకా పెద్దగా, ఇంకా దూరానికి. నా చేతుల మీద రోమాలు లేచాయి. గీత మాత్రం కదల్లేదు. తీగ లాగినట్టు, ఆ పిలుపు ఈ లోకంలో లేనట్టు, అలాగే ఉండిపోయింది.

"చాలమ్మాయ్" అన్నారు సారు. "ఇదే నీ ఆఖరి అధ్యాయం. కాగితాలు ఇలా ఇవ్వు."

ఇన్నేళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోతే మనిషి నిలబడలేడని అప్పుడే తెలిసింది. ఆయన సంతకాలు పెడుతుంటే ఆ పెన్ను చప్పుడు వింటూ, నవ్వో ఏడుపో తెలియకుండా నిలబడ్డాను. ఆయన లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, మెట్ల వైపు నడిచారు. కింద కారు దాకా దిగబెట్టడం నా ధర్మం. గడప దాకా వచ్చాను కూడా.

పెద్దమ్మ లాప్‌టాప్ ముందు నిలబడి ఉంది. తెర మీద కదలని గీతని వేలితో చూపించింది.

"రెండోసారి పిలిచింది ఇందుల రాలేదా బిడ్డా?"

"రాలేదు పెద్దమ్మా."

"మంచిదే గదా. నీకు గట్లనే గావాలె గదా."

"అవును పెద్దమ్మా."

ఆవిడ తలూపింది. సారు తాగిన కప్పు తీసుకుంది, నేను ముట్టని కప్పు కూడా తీసుకుంది. మెట్ల మీద సారు అడుగులు ఇంకా వినబడుతున్నాయి. నేను ఆయన వెనక పోలేదు. బల్ల దగ్గరికి వెళ్లి, గాజుని పట్టీకి ఆనించి, సూటిగా నిలబెట్టాను.

"ఇంకోసారి పిలవండి పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ కప్పులు కింద పెట్టి, కిటికీ వైపు తిరిగింది.